బాలసాహిత్యమూ హేతుదృష్టీ: కొడవటిగంటి కుటుంబరావు కృషి

బాలసాహిత్యాన్ని గురించి మన విమర్శకులు రాసినది చాలా తక్కువ. నవలకు చరిత్ర రాసుకున్నాం, కథానికకు చరిత్ర రాసుకున్నాం, వచన కవితకు ఒకటికి పది చరిత్రలు రాసుకున్నాం. కాని ఆ నవలలూ కథలూ చదవగల పాఠకుణ్ణి ఎవరు తయారుచేశారు, ఏ పుస్తకాలతో తయారుచేశారు అన్న ప్రశ్న మన సాహిత్య చరిత్రలలో దాదాపు కనిపించదు. పంటను తూచాం గాని నారుమడి ఎవరిదో అడగలేదు.

ఈ లోపం కొడవటిగంటి కుటుంబరావు విషయంలో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆయన కథలను, నవలలను, గల్పికలను గురించి ప్రగతిశీల విమర్శ శ్రద్ధగానే మాట్లాడింది. మధ్యతరగతి సంసారాల లోగుట్టును ఆయన ఎలా బయటపెట్టాడో వివరించింది. అదే మనిషి 1952 జనవరి నుంచి 1980 ఆగస్టు 17న చనిపోయేదాకా, అంటే 28 ఏళ్లకు పైగా, ‘చందమామ’ పిల్లల పత్రికను తీర్చిదిద్దాడు. ఈ పనిని మాత్రం మనవాళ్లు రెండు వాక్యాలతో దాటిపోతారు. అది పొట్టకూటికి చేసిన ఉద్యోగమని కొందరంటారు. మరికొందరు తమ చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకుని చేతులు దులుపుకుంటారు. మొదటి మాట అన్యాయం. రెండవది ముచ్చటే గాని విమర్శ కాదు.

నిజానికి ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి వున్నది. కుటుంబరావు భౌతికవాది. సైన్సును గురించీ చరిత్రను గురించీ తత్త్వశాస్త్రాన్ని గురించీ వ్యాసాలు గుట్టలుగా రాసినవాడు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు, ఆరుపదులు దాటిన వయస్సులో, దానిలో చేరినవాడు. అటువంటి మనిషి నెలనెలా రాజులనూ మాంత్రికులనూ శవంలోని బేతాళుణ్ణీ పిల్లల చేతికి ఎలా ఇచ్చాడు? పగలు పిల్లలకు దయ్యాల కథలు చెప్పి, రాత్రి పెద్దలకు హేతువాదం బోధించాడా? ఆయన రెండు మనుషులుగా బతికాడని ఒప్పుకోవటమా, లేక ఈ రెండు పనులకూ మూలం ఒకటేనని చూపటమా? నా అభిప్రాయం రెండవది. కథలోనూ శాస్త్రవ్యాసంలోనూ కుటుంబరావు చేసిన పని ఒకటే. పాఠకుడి చేత ‘ఎందుకు?’ అని అడిగించటం, ఆ ప్రశ్నకు మానవ కారణం వెతికించటం. ఇది రుజువు కావాలంటే కొంచెం వెనక్కు పోవాలి.

తెలుగు పిల్లవాడి చేతికి అచ్చుపుస్తకం వచ్చిన తొలి రోజుల్లో అది నీతి పుస్తకంగానే వచ్చింది. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వెలువడింది. పంచతంత్రపు జంతువులకు ఆయన పెట్టిన భాష గొప్ప శిల్పమే. కాని ఆ శిల్పాన్ని చేరుకోవటానికి పిల్లవాడు సంధులూ సమాసాలూ అనే మెట్లన్నీ ఎక్కాలి. కథ చదవటం ఒక పరీక్ష అయింది. తరవాత అర్ధ శతాబ్దానికి మరో పాయ మొదలయింది. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్రతో మొదలుపెట్టి, చరిత్రా ప్రకృతిశాస్త్రాలూ తెలుగులో చెప్పవచ్చునని ఆ మండలి నిరూపించింది. ఆ పుస్తకాలు యువకుల కోసం. చిన్నపిల్లలకు అందేవి కావు.

ఈ విధంగా కథ నీతి బోధకుల పాలయింది, విజ్ఞానం పండితుల పాలయింది. రెండింటికీ పిల్లవాడు దూరంగానే వుండిపోయాడు. చింతా దీక్షితులు పిల్లల మాటతీరునూ ఆటతీరునూ సాహిత్యంలోకి తెచ్చి ఈ దూరాన్ని తగ్గించాడు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 1945లో మద్రాసులో ‘బాల’ పత్రిక పెట్టి పిల్లలను శ్రోతలుగానే గాక రచయితలుగా కూడా చూశారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ ప్రారంభించేనాటికి నేల కొంత దున్ని వున్నది.

కుటుంబరావు ఈ రంగంలోకి అనుకోకుండా వచ్చిపడినవాడు కాడు. 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టాడు. చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. విజయనగరంలో భౌతికశాస్త్రంతో బి.ఏ. చేసి, ఎమ్మెస్సీకి కాశీ విశ్వవిద్యాలయంలో చేరాడు. ప్రపంచాన్ని కుదిపిన ఆర్థికమాంద్యం ఆ చదువును మధ్యలోనే తెంపేసింది. తరవాత ఊళ్లు మారుతూ, ఉద్యోగాలు మారుతూ, పత్రికలలో పనిచేస్తూ బతికాడు. ‘చదువు’ నవలలో సుందరం అనే కుర్రవాడి విద్యాభ్యాసాన్ని అక్షరాభ్యాసం నుంచీ అనుసరించి, బడిచదువుకూ బతుకుకూ మధ్య ఎంత అగాధం వున్నదో చూపించాడు. బడి పిల్లవాడికి ఏమి ఇవ్వటంలేదో అంత నిశితంగా గమనించిన మనిషి, ఆ ఇవ్వనిదేదో ఇచ్చే పత్రికలో తక్కిన జీవితమంతా గడిపాడు. ఇది కాకతాళీయం అనుకోవటం కష్టం.

చందమామలో ఆయన మొదట తేల్చిన విషయం భాష. పాఠశాలల్లో వాచకం ఇంకా గ్రాంథికపు నీడలోనే వున్న రోజులవి. చందమామ వాక్యం చిన్నది. కర్త ఎవరో, పని ఏమిటో, ఎందుకు చేశాడో వరసగా చెబుతుంది. విశేషణాలు అరుదు. పాఠకులు పంపిన కథలను కూడా ఆయన ఈ అచ్చులోకి తిరగరాసేవాడు. అందువల్ల వందమంది రాసినా పత్రిక ఒక్క గొంతుతో మాట్లాడింది. దీన్ని శైలీ విషయంగా మాత్రమే చూస్తే పొరపాటు. కార్యకారణ సంబంధం బయటికి కనిపించే వాక్యం అది. అలంకారం దట్టంగా వున్న వాక్యంలో కారణం దాక్కోగలదు. ఒంటి వాక్యంలో దాక్కోవటానికి చోటులేదు. ‘రాజుకు కోపం వచ్చింది’ అని ఒక వాక్యం రాస్తే, ఎందుకు వచ్చిందో తరవాతి వాక్యం చెప్పి తీరాలి. వ్యావహారిక భాషోద్యమం గిడుగు రామమూర్తి కాలంలో పండితసభలలో సాధించిన విజయం, అక్షరాలు కూడబలుక్కునే పసివాడి దాకా వచ్చింది చందమామ వంటి పత్రికల ద్వారానే.

ఇక బేతాళ కథలు. వీటి మూలం సోమదేవుడి కథాసరిత్సాగరంలో వున్నది. అక్కడివి 25 కథలు. అవి అయిపోయిన తరవాత కూడా చందమామ ఆగలేదు. కొత్త కథలు కల్పించి, నెలకొకటి చొప్పున దశాబ్దాల తరబడి నడిపింది. కొత్తవాటికీ పాతవాటికీ వున్న తేడా మీద మన విమర్శకుల దృష్టి పడలేదు.

పాత కథలలో ఒకటి చూద్దాం. ఒకామె భర్త తలా, అన్న తలా తెగిపోతాయి. దేవి వరంతో ఆమె వాటిని అతికించేటప్పుడు తొందరలో తలలు తారుమారవుతాయి. ఇప్పుడు ఆమెకు భర్త ఎవరు? అవయవాలన్నిటిలో శిరస్సు ప్రధానం కాబట్టి భర్త తల వున్నవాడే భర్త అని రాజు తీర్పు. ప్రశ్న ఆసక్తికరమైనదే. కాని సమాధానం శాస్త్రప్రమాణం. రాజు ఒక సూత్రం చెబుతాడు, వివాదం ముగుస్తుంది. ఆ స్త్రీ ఏమనుకున్నదో ఎవరూ అడగరు.

చందమామ కల్పించిన బేతాళ కథలలో ప్రశ్న స్వభావమే మారిపోయింది. ఒక మనిషి జీవితమంతా కోరుకున్నది తీరా చేతికి అందే వేళకు కాదని వెళ్లిపోతాడు. ఒక రాజు సమర్థుణ్ణి వదిలి సామాన్యుణ్ణి మంత్రిగా పెట్టుకుంటాడు. పైకి ఇవి తెలివితక్కువ పనులుగా కనిపిస్తాయి. బేతాళుడి ప్రశ్న అక్కడ పుడుతుంది: అతను అలా ఎందుకు చేశాడు? విక్రమార్కుడు చెప్పే సమాధానంలో ధర్మశాస్త్రం వుండదు, దైవలీల వుండదు. ఆ మనిషి పరిస్థితి, అనుభవం, భయం, అభిమానం, ఎదుటివాడి ఉద్దేశం, ఇవే వుంటాయి. కథలో దయ్యం మాట్లాడుతుంది. సమాధానంలో దయ్యానికి చోటులేదు. కుటుంబరావు సాధించినది ఇదీ. శవాన్ని భుజాన మోస్తున్న రాజు మనిషి ప్రవర్తనకు కారణాలు వెతికే పరిశోధకుడయ్యాడు. అతనికన్నా ముందే సమాధానం కనిపెట్టాలని, పేజీ తిప్పకుండా వేలు అడ్డుపెట్టుకుని ఆలోచించే పిల్లవాడు కూడా ఆ పరిశోధనలో భాగస్వామి. పైగా రాజు సరిగా చెప్పగానే మౌనభంగమై బేతాళుడు చెట్టెక్కుతాడు. అంటే ఏ సమాధానమూ ఆఖరు మాట కాదు. వచ్చే నెలకు మరో మనిషి, మరో ప్రశ్న.

ఆయన హయాంలో వచ్చిన అనుసరణలకూ ఈ దృష్టే ఆధారం. హోమర్ ‘ఒడిస్సీ’ రూపధరుడి యాత్రలుగా, ‘ఇలియడ్’ భువనసుందరిగా తెలుగు పిల్లలకు అందాయి. జాతక కథలు, అరేబియన్ కథలు, రామాయణ భారతాలు పక్కపక్కనే అచ్చయ్యాయి. ఒకే సంచికలో గ్రీకు వీరుడూ కౌరవుడూ బాగ్దాదు వర్తకుడూ కలుసుకున్నప్పుడు, కథలు పుట్టించుకోవటం ప్రతి జాతీ చేసిన పనేనన్న గ్రహింపు ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే పిల్లవాడికి కలుగుతుంది. తమ పురాణమొక్కటే సత్యమనీ తక్కినవారివి కట్టుకథలనీ చెప్పే సంకుచిత బుద్ధికి దీనికి మించిన మందు లేదు.

ప్రగతివాదులలో పిల్లల అద్భుత కథ మీద అనుమానం కొత్తది కాదు. సోవియట్ దేశంలోనే ఈ తగవు తీవ్రంగా నడిచింది. 1928లో క్రూప్‌స్కయా, చుకోవ్‌స్కీ రాసిన ‘మొసలి’ కథాగేయాన్ని ‘ప్రావ్దా’లో దుయ్యబట్టింది. గోర్కీ చుకోవ్‌స్కీ పక్షం వహించాడు. 1934లో జరిగిన సోవియట్ రచయితల మొదటి మహాసభలో గోర్కీ తన ప్రసంగంలో జానపద సాహిత్యపు విలువను నొక్కిచెప్పాడు. బాలసాహిత్యం మీద మార్షాక్ ప్రత్యేక నివేదిక సమర్పించాడు. అద్భుతం వున్నంత మాత్రాన కథ అభివృద్ధి నిరోధకం కాదనీ, ఆ అద్భుతం పిల్లవాడి ఆలోచనను ఎటు తిప్పుతున్నదన్నదే ప్రశ్న అనీ చర్చ తేల్చింది. కుటుంబరావు కృషిని కొలవవలసిన గజం ఇదే.

ఇప్పుడు రెండవ పాయకు వద్దాం. పరిణామ సిద్ధాంతం, విశ్వం, సమాజచరిత్ర మొదలైన విషయాల మీద ఆయన రాసిన వ్యాసాలు సంపుటాలుగా వచ్చాయి. అవి ప్రధానంగా పెద్దలకు రాసినవి. అయినా పై తరగతుల విద్యార్థి వాటిని నిఘంటువు అవసరం లేకుండా చదువుకోగలడు. కారణం అదే వాక్యం. చందమామలో ఏళ్ల తరబడి పదునుపెట్టిన వాక్యంతోనే ఆయన సైన్సు రాశాడు. ఆ పత్రిక చదివి పెరిగినవాడికి ఈ వ్యాసాలు కొత్త దేశం అనిపించవు. రాకుమారుడు అలా ఎందుకు చేశాడని అడగటం నేర్చినవాడు, జీవి ఇలా ఎందుకు మారిందని అడగటానికి జంకడు. కల్పనకూ శాస్త్రానికీ మధ్య మనం కట్టిన గోడ పెద్దవాళ్ల సౌకర్యం కోసం కట్టినది.

ఆ గోడను కూల్చినవాడు ఆయన ఒక్కడే కాదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన మహీధర నళినీమోహన్ తన సైన్సు పుస్తకాలకు ‘గ్రహణాల కథ’, ‘క్యాలెండర్ కథ’ అని పేర్లు పెట్టాడు. ‘కథ’ అన్న మాటను ఆయన పిల్లలను మభ్యపెట్టడానికి వాడలేదు. క్యాలెండరుకు నిజంగానే కథ వున్నది: చక్రవర్తులు, పూజారులు, రైతులు, లెక్కతప్పిన రోజులు. కుటుంబరావు కుమారుడు రోహిణీప్రసాద్ బొంబాయి భాభా అణుకేంద్రంలో శాస్త్రజ్ఞుడు. 2012లో చనిపోయేదాకా ‘విశ్వాంతరాళం’ వంటి పుస్తకాలతో తెలుగు యువకులకు విజ్ఞానాన్ని అందించాడు. తండ్రి వాక్యంలోని పొదుపు కొడుకు వాక్యంలోనూ కనిపిస్తుంది.

ప్రశంస ఇంతవరకు చాలు. లోపాలు కూడా చెప్పకపోతే విమర్శ ధర్మం తప్పినట్టే. చందమామ ప్రపంచంలో రాజు మంచివాడైతే రాజ్యం బాగుంటుంది, చెడ్డవాడైతే మరో రాజు వస్తాడు. రాజే లేని వ్యవస్థ ఊహకు రాదు. పన్నులు కట్టే రైతు కథ మొదట కనిపించి, మలుపు తిరిగేసరికి రాజాస్థానంలో తేలతాడు. రాకుమార్తె చాలా కథల్లో పందెంలో గెలుచుకునే వస్తువు. కులాలు వృత్తుల పేరుతో కనిపిస్తాయి గాని, వాటి మధ్యనున్న హింస కనిపించదు. పెద్దల కథలలో మధ్యతరగతి స్త్రీ నిస్సహాయతను అంత కఠినంగా చూపిన రచయిత, పిల్లల పత్రికలో ఈ చట్రాన్ని బద్దలు కొట్టలేదు. దీనికి వ్యాపార పత్రిక హద్దులు ఒక కారణం కావచ్చు. తెలుగు, తమిళంలో మొదలయిన ఆ పత్రిక డజనుకు పైగా భాషలకు పాకింది. అంతమందికి ఒప్పుదలయ్యే కథలో వర్తమాన సంఘర్షణకు చోటు ఇరుకే. మరొకటి కూడా వున్నది. సంపాదకుడుగా ఆయన పేరు పత్రికలో కనబడేది కాదు. శ్రమ ఒకరిది, ముద్ర మరొకరిది అన్న ఈ స్థితిని ఆయన వర్గదృష్టితో అర్థం చేసుకునే వుంటాడు. మనం కూడా అలాగే అర్థం చేసుకోవాలి.

సికింద్రాబాదులో పాఠాలు చెప్పుకునే నాకు మరొక పార్శ్వం కూడా ముఖ్యంగా తోస్తుంది. నిజాం రాజ్యంలో పాలనా ఉన్నతవిద్యా ఉర్దూలో నడిచాయి. తెలుగు చదువు చాలావరకు గ్రంథాలయాల మీదా సొంత పూనిక మీదా నిలబడింది. ఈ ఊళ్లోనే వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు స్వయంగా మోసుకుపోయి అమ్మాడు. 1948 తరవాత ఇక్కడి పిల్లలకు చందమామ బడిబయట తెలుగు నేర్పిన వాచకాలలో ఒకటయింది. కంటోన్మెంటు, రైల్వే కాలనీల పట్నం కావటంవల్ల తమిళుడి ఇంటి ‘అంబులిమామ’, మరాఠీవాడి ‘చాందోబా’, తెలుగువాడి చందమామ పక్కపక్క వాటాలలో వుండగలిగాయి. బొమ్మ ఒకటే, కథ ఒకటే, లిపి వేరు. అయితే ఆ తెలుగు కృష్ణా గుంటూరు జిల్లాల తెలుగన్న మాట కూడా చెప్పాలి. తెలంగాణ పిల్లవాడు తన ఇంట్లో వినే మాట అందులో కనిపించదు. అతను అక్షరాలతోపాటు తన మాట అచ్చుకు తగదన్న భావం కూడా నేర్చుకున్నాడు. బడి గ్రాంథికాన్ని ఓడించిన భాషే మరొకచోట కొత్త గ్రాంథికంగా పనిచేసింది.

ఈ చరిత్రను ఇప్పుడు తవ్వటం ఎందుకంటే, నారుమడి ఎండిపోతున్నది. 2007లో యాజమాన్యం చేతులు మారిన చందమామ, 2012–13 ప్రాంతంలో ఆగిపోయింది. మాస్కో ప్రచురణాలయాల నుంచి విశాలాంధ్ర దుకాణాలకు చవకగా వచ్చిన పిల్లల పుస్తకాలు 1991లో సోవియట్ యూనియన్ పతనంతో అంతకుముందే నిలిచిపోయాయి. తెలంగాణలో 2018 చట్టం బడులలో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. 2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలల బోధనామాధ్యమం ఇంగ్లీషుకు మళ్లింది. పేదవాడి బిడ్డకు ఇంగ్లీషు రాకూడదని ప్రగతివాది ఎవరూ అనడు. కాని తెలుగు ఒక సబ్జెక్టుగా, మార్కుల కోసం మాత్రమే మిగిలితే, ఆ భాషలో ఆలోచించే అలవాటు ఎక్కడ పుడుతుంది? డిగ్రీ మొదటి సంవత్సరంలో నా ముందు కూర్చునే విద్యార్థులు తెలివితక్కువవాళ్లు కారు. చాలామందికి పాఠ్యపుస్తకం కాని తెలుగు పుస్తకం ఒక్కటి కూడా చిన్నప్పుడు చేతికి రాలేదు. గైడులో వున్న జవాబు చెబుతారు. జవాబు లేని ప్రశ్న వేస్తే, అది సిలబస్‌లో వుందా అని అడుగుతారు. బేతాళుడి ఎదుట నిలబడటం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

నిరాశ పడవలసిన పని లేదు. సికింద్రాబాదు తార్నాకలోని ‘మంచి పుస్తకం’ వంటి ప్రచురణ సంస్థలు పాత సోవియట్ బాలల పుస్తకాలను తిరిగి అచ్చువేస్తూ, కొత్తవి రాయిస్తూ, కథనూ విజ్ఞానాన్నీ ఒకే బల్లమీద పెడుతున్నాయి. ఆళ్వారుస్వామి పుస్తకాల మూట దించిన ఊరికి ఇది తగిన పనే. అయితే కొందరి పూనిక మీద మొత్తం భారం వదిలిపెట్టటం రచయితల సంఘాలకు తగదు. మన వైపు నుంచి జరగవలసినవి మూడు వున్నాయి. కుటుంబరావు చందమామ రచనలలో ఆయనవని నిర్ధారించగలిగినవాటిని వేరుచేసి, వ్యాసాల పక్కనే పెట్టి ప్రచురించాలి. ఎం.ఏ. పాఠ్యప్రణాళికలో బాలసాహిత్యానికి చోటు సంపాదించాలి. నేను చదువుకున్న రోజుల్లో దానిమీద ఒక్క ప్రశ్న కూడా లేదు. మూడవది కష్టమైనది. రాజు లేని, పందెంలో రాకుమార్తె లేని, తెలంగాణ మాటా రాయలసీమ మాటా ఉత్తరాంధ్ర మాటా సిగ్గుపడకుండా మాట్లాడే కథలు పిల్లల కోసం రాయాలి. అందులో మాత్రం కుటుంబరావు వదిలిపోయిన ప్రశ్న అలాగే వుండాలి: ఈ మనిషి ఇలా ఎందుకు చేశాడు? ఆ ప్రశ్నకు పదేళ్ల పిల్ల సొంతంగా ఒక సమాధానం చెప్పగలిగినప్పుడు, రేపు మన నవలలను చదివే పాఠకురాలు తయారైనట్టే.